ఏ చలికి ఆ కోటు

1922లో ఎవరెస్టు ఎక్కడానికి టిబెట్ మీదుగా బయలుదేరిన బ్రిటిష్ బృందంలో జార్జ్ ఫించ్ అనే రసాయన శాస్త్రవేత్త ఉన్నాడు. ఆస్ట్రేలియాలో పుట్టి, స్విట్జర్లాండ్‌లో చదువుకుని, ఆల్ప్స్ కొండల్లో ఆరితేరినవాడు. తోటివారు ఉన్ని స్వెట్టర్ల మీద ట్వీడ్ కోట్లు, గాలి ఆపే గాబర్డీన్ తొడుక్కుంటే, ఫించ్ మాత్రం బెలూన్లకు వాడే పల్చని గుడ్డ సంపాదించి, రెండు పొరల మధ్య ఐడర్ బాతు నూగు ఈకలు కూరించి, బొంత కుట్టినట్టు కుట్టించిన కోటు వేసుకొచ్చాడు. ఆకుపచ్చ రంగు, మోకాళ్ల దాకా పొడుగు, ఒళ్లంతా ఉబ్బెత్తు. చూసినవాళ్లు నవ్వారు. పెద్దమనుషుల కొండెక్కుడుకు అది తగిన వేషం కాదని వాళ్ల భావన.

కొండమీద గాలి అందుకున్నాక నవ్వులు ఆగిపోయాయి. ఇప్పుడు అందరి కళ్లూ తన కోటు మీదే ఉన్నాయని ఫించ్ డైరీలో రాసుకున్నాడు. ఆ మే 27న జెఫ్రీ బ్రూస్‌తో కలిసి, ఆక్సిజన్ సాయంతో అతను సుమారు 8,320 మీటర్ల ఎత్తుకు చేరాడు. అప్పటికి ఏ పర్వతారోహకుడూ అంత ఎత్తుకు పోలేదు. ఇంత చేసినా 1924 యాత్రలో అతనికి చోటు దక్కలేదు. ఇదే ఫించ్ 1952లో మన దేశానికి వచ్చి, పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు 1957 దాకా డైరెక్టరుగా పనిచేశాడన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. తెలుసుకోదగిన సంగతి. నేడు ప్రపంచంలో ఏ చలి దేశపు వీధిలో చూసినా కనిపించే ఉబ్బు జాకెట్టుకు ఆ కోటు పెద్దన్న వంటిది.

ఆ కోటులో వెచ్చదనాన్నిచ్చింది ఈకల మధ్య చిక్కుకున్న గాలి. కదలని గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా బయటికి పోతుంది. ఉన్ని, దూది, బొచ్చు, ఈక - ఏదైనా చేసేది ఒకటే పని: ఒంటి చుట్టూ ఉన్న గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచడం. బాతు రొమ్ము మీది నూగు ఈకకు గట్టి కాడ ఉండదు. దాని సన్నని పోగులు అన్ని వైపులా విచ్చుకుని, ఏమంత బరువు లేకుండానే బోలెడు గాలిని పట్టుకుంటాయి. అయితే ఈ ఏర్పాటును చెడగొట్టేవి రెండున్నాయి. ఈదురుగాలి గుడ్డలోంచి దూరి లోపలి వెచ్చని గాలిని తరిమేస్తుంది. తడి చేరితే పోగులు ముద్దకట్టి గాలికి చోటే మిగలదు. తడి వానై బయటి నుంచి రావచ్చు, చెమటై లోపలి నుంచీ రావచ్చు. వానను పూర్తిగా ఆపితే చెమట లోపలే నిలుస్తుంది. చెమటను పోనిస్తే గాలి దూరుతుంది. కోటు తయారుచేసిన ప్రతివాడూ ఈ చిక్కుతోనే కుస్తీ పట్టాడు.

ఈ చిక్కును అందరికంటే ముందు, అందరికంటే చక్కగా విప్పినవారు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు. వాళ్ల ముడిసరుకు కారిబూ, అంటే ఉత్తర అమెరికా రెయిన్‌డీర్ తోలు. కారిబూ వెంట్రుక లోపల గుల్లగా ఉంటుంది కాబట్టి వెంట్రుకల మధ్యే కాక వెంట్రుకలోనూ గాలి నిలుస్తుంది. కోటుకు ఏ తోలు పడితే ఆ తోలు పనికిరాదు. వేసవి ముగిసి చలి మొదలయ్యే రోజుల్లో వేటాడిన జంతువుదే కావాలి, అప్పటికి కొత్త బొచ్చు ఒత్తుగా వచ్చి ఉంటుంది. గట్టి చలిలో రెండు కోట్లు తొడుగుతారు. లోపలిదాని బొచ్చు ఒంటివైపుకు, బయటిదాని బొచ్చు బయటికి. ముందువైపు గుండీల దారి ఉండదు, తలమీదుగా వేసుకోవడమే. గాలి దూరే సందే లేదు. ఒళ్లు వేడెక్కితే పై కోటు విప్పేస్తారు, చెమట పట్టే దాకా ఆగరు. హుడ్ అంచుకు తోడేలు బొచ్చో వుల్వరీన్ బొచ్చో కుడతారు. ఊపిరిలోని తేమ దానిమీద మంచై పేరుకున్నా చేత్తో దులిపితే రాలిపోతుంది.

పసిబిడ్డ ఉన్న తల్లి వేసుకునే అమౌటి అనే కోటుకు వీపున సంచి ఉంటుంది. బిడ్డ అందులో తల్లి ఒంటి వెచ్చదనంలోనే పెరుగుతుంది. అలాస్కా తీరంలో యూపిక్, అల్యూట్ ప్రజలు సీల్ వంటి సముద్ర జంతువుల పేగులను శుభ్రం చేసి, ఆరబెట్టి, పట్టీలుగా కుట్టి వానకోట్లు చేసుకున్నారు. అవి పల్చన, తేలిక, చుక్క నీరు దిగదు. ఈ కుట్టుపనంతా ఆడవాళ్లదే. ఒక కుట్టు వదులైతే వేటకు వెళ్లిన మనిషి ఇంటికి తిరిగి రాకపోవచ్చు. కోటు చరిత్ర రాసిన పుస్తకాల్లో లండన్ దర్జీల పేర్లు కనిపిస్తాయి. పేరు లేని ఈ కుట్టుగత్తెలకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

ఇన్యూట్‌ల దగ్గర నేర్చుకోవాలని కూర్చున్నవాడు ఒకడున్నాడు. నార్వే అన్వేషకుడు రోల్డ్ అముండ్‌సెన్ 1903 నుంచి 1905 దాకా రెండు శీతకాలాలు కెనడా ఉత్తర దీవుల్లో నెట్సిలిక్ ఇన్యూట్‌ల పక్కనే గడిపి, వాళ్ల దుస్తుల మర్మం గ్రహించాడు. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం చేరేటప్పుడు అతని బృందం సామానులో తోలు దుస్తులూ ఉన్నాయి, గాబర్డీన్ కూడా ఉంది. ఏ వాతావరణానికి ఏది పనికొస్తుందో అది వాడుకున్నారు. అదే ఏడాది జూన్, జూలైలలో, దక్షిణ ధ్రువపు నడి చలికాలంలో, బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందంలోని ముగ్గురు పెంగ్విన్ గుడ్ల కోసం బయలుదేరారు. బరువైన స్లెడ్జ్‌లను వాళ్లే లాగారు. చలి మైనస్ 60 దాకా పోయింది. పట్టిన చెమట పట్టినట్టే దుస్తుల్లో గడ్డకట్టింది. వారిలో ఒకడైన చెర్రీ-గారార్డ్ ఒక ఉదయం గుడారం బయటికొచ్చి తల ఎత్తి చుట్టూ చూశాడు. క్షణాల్లో కోటు అలాగే బిగుసుకుపోయి తల దించే వీలు లేకుండా పోయింది. తల ఎత్తుకునే నాలుగు గంటలు స్లెడ్జ్ లాగానని తర్వాత రాశాడు. చెమట ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

ఇక వాన. బ్రిటన్‌లో ఏడాది పొడవునా బాధించేది మంచు కంటే వానే. గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింటాష్ గ్యాస్ కర్మాగారాల్లో మిగిలిపోయే తారు నుంచి తీసిన నాఫ్తాలో రబ్బరును కరిగించి, ఆ జిగురును రెండు గుడ్డల మధ్య పూసి అతికించాడు. 1823లో పేటెంటు వచ్చింది. నీరు దిగని గుడ్డ అయితే తయారైంది గానీ తిప్పలు తప్పలేదు. చలికి రేకులా బిగుసుకునేది, ఎండకు జిగటగా అంటుకునేది, వాసన వేసేది. దర్జీలు కుట్టిన ప్రతి సూది రంధ్రంలోంచీ నీళ్లు దిగేవి. అన్నిటికీ మించి లోపలి చెమట బయటికి పోయే దారి లేదు. 1840ల్లో రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరచే పద్ధతి వచ్చాక జిగట తగ్గింది. చెమట బాధ మాత్రం అలాగే ఉండిపోయింది.

దానికి మంచి జవాబు చెప్పినవాడు ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో బట్టల కొట్టు నడిపే థామస్ బర్‌బెరీ. గుడ్డ నేశాక పూత పూయడం మాని, 1879లో నూలుకే ముందుగా నీరు అంటని పదార్థం పట్టించి, ఆ నూలుతో ఏటవాలు చారల నేతలో బాగా చిక్కగా నేయించాడు. అదే గాబర్డీన్. 1888లో పేటెంటు తీసుకున్నాడు. వాన చాలావరకు జారిపోతుంది, గాలి ఆగుతుంది, చెమట ఆవిరై బయటపడుతుంది. జడివానలో గంటల తరబడి నిలబడితే తడుస్తుంది, అయినా రబ్బరు కోటులా ఉక్కిరిబిక్కిరి చేయదు. మాకింటాష్ పేరు మోగినంతగా గాబర్డీన్ పేరు మోగకపోయినా, అసలు ఘనత నేతలో జవాబు వెతికిన ఈ పనికే ఇవ్వాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ గుడ్డే ట్రెంచ్ కోటు అయింది. బ్రిటిష్ అధికారులు దుస్తులను సొంత డబ్బుతో కొనుక్కునేవారు. బర్‌బెరీ, ఆక్వాస్క్యూటమ్ వంటి సంస్థలు వాళ్ల కోసం భుజాల మీద పట్టీలు, నడుముకు బెల్టు, దానికి లోహపు రింగులు, వీపు మీద వాన జారే అదనపు పొర ఉన్న కోట్లు కుట్టాయి. మామూలు సిపాయికి దక్కింది దళసరి ఉన్ని గ్రేట్‌కోటు. బురదలో, వానలో నానితే దాని బరువు మోయలేక కొందరు అంచులు కోసేసుకున్నారు. యుద్ధం ముగిశాక అధికారి కోటు నగర వీధుల్లోకి వచ్చింది. 1942 నాటి 'కాసాబ్లాంకా' సినిమాలో హంఫ్రీ బోగార్ట్ వేసుకున్నాక దానికి తిరుగు లేకపోయింది. తూటాల మధ్య పనికొచ్చిన రింగులు, పట్టీలు అలంకారాలై మిగిలాయి. నేటికీ ట్రెంచ్ కోటు కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: అది ఫ్రాన్స్, బెల్జియం వానకూ బురదకూ పుట్టిన కోటు, గడ్డకట్టే చలికి కాదు.

ఓడమీది చలి ఇంకో రకం. ఉప్పునీటి తుంపర, ఎడతెగని గాలి, చేతులకు దళసరి తొడుగులు. బ్రిటిష్ నావికాదళం వాడిన డఫుల్ కోటుకు గుండీలకు బదులు తాడు ఉచ్చులు, కొయ్య ముక్కలు ఉండడానికి కారణం ఆ చేతి తొడుగులే. టోపీ మీదుగా వేసుకోవడానికి హుడ్ వెడల్పుగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాధిపతి మాంట్‌గోమరీ దాన్ని వేసుకుని అందరికీ చూపించాడు. యుద్ధం తర్వాత మిగిలిపోయిన కోట్లు చౌకగా అమ్ముడై విద్యార్థుల ఒంటిమీదికి చేరాయి. నావికుల పీ కోటు కూడా అలాంటిదే. నొక్కి దట్టం చేసిన ఉన్ని గుడ్డ, రెండు వరసల గుండీలు, ఎత్తితే చెవుల దాకా వచ్చే వెడల్పు కాలరు. ఉన్నికి ఒక గొప్ప గుణం ఉంది. తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడిసినట్టు తెలియనివ్వదు.

కోటు లేకపోతే ఏమవుతుందో 1941 శీతకాలం చూపించింది. మాస్కో ముంగిట ఆగిపోయిన జర్మన్ సైన్యానికి సరైన చలి దుస్తులు లేవు. డిసెంబర్ 20న నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ రేడియోలో ప్రజలను ఉన్ని బట్టలు, బొచ్చు కోట్లు దానం చేయమని అడగాల్సి వచ్చింది. ఎదుటి పక్షంలో సోవియట్ సిపాయి ఒంటిమీద తెలోగ్రేకా ఉంది. దూది కూరి నిలువు గీతలుగా కుట్టిన చవక జాకెట్టు. అందమేమీ లేదు, పని మాత్రం చేసింది.

అదే యుద్ధకాలంలో చలిని కొలవడం కూడా మొదలైంది. 1941లో గాగీ, బర్టన్, బాజెట్ అనే శాస్త్రవేత్తలు దుస్తుల వెచ్చదనానికి 'క్లో' అనే కొలమానం ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషిని హాయిగా ఉంచే దుస్తులు ఒక క్లో, ఇంచుమించు ఒక మామూలు సూటు. ఇంచుమించు అదే సమయంలో దక్షిణ ధ్రువ ఖండంలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, గాలివేగాన్ని బట్టి అవి ఎంతసేపట్లో గడ్డకడతాయో కొలిచారు. 1945లో అచ్చైన ఆ లెక్కల నుంచే గాలి వల్ల తెలిసే చలి సూచీ పుట్టింది. 2001లో అమెరికా, కెనడా దాన్ని సరిదిద్దాయి. ఆ లెక్కన మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి మైనస్ 20లా తాకుతుంది. వాతావరణ వార్తల్లో చలి అంకె ఒక్కటే చూసి కోటు ఎంచుకోవడం ఎందుకు పొరపాటో ఈ లెక్క చెబుతుంది. అమెరికా సైన్యం 1943లో తెచ్చిన కొత్త దుస్తుల పద్ధతిలో ఒకే బరువైన కోటుకు బదులు విప్పడానికి, వేయడానికి వీలైన పొరలు వచ్చాయి. ఇన్యూట్‌లకు తరతరాలుగా తెలిసిన విషయమే అది.

ఈకల కోటు మళ్లీ సియాటిల్‌లో తలెత్తింది. అక్కడ ఆటసామగ్రి అమ్మే ఎడ్డీ బాయర్ ఒక చలికాలం చేపల వేటకు వెళ్లి, ఉన్ని దుస్తులు తడిసి గడ్డకట్టి చావు అంచుకు వెళ్లొచ్చాడు. ఆ అనుభవంతో 1936లో గళ్లుగా కుట్టిన ఈకల జాకెట్టు చేశాడు, 1940లో పేటెంటు పొందాడు. యుద్ధంలో అమెరికా వైమానిక దళానికి ఈకల పార్కాలు, అంటే హుడ్ ఉన్న కోట్లు, సరఫరా చేశాడు. గళ్లు కుట్టడం ఎందుకంటే, కుట్టకపోతే ఈకలన్నీ జారి అడుగున చేరతాయి. మరోవైపు 1937లోనే చార్లెస్ జేమ్స్ అనే ఫ్యాషన్ రూపకర్త తెల్ల సాటిన్‌లో ఐడర్ ఈకలు నింపి విందులకు వేసుకునే పొట్టి జాకెట్టు కుట్టాడు. అది ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఫ్రాన్స్‌లో 1952లో మొదలైన మాంక్లేర్ సంస్థ మొదట తన కార్మికుల కోసం ఈకల జాకెట్లు చేసింది. 1954లో కే2 శిఖరాన్ని తొలిసారి ఎక్కిన ఇటలీ బృందానికి సరఫరా చేసింది. ఈరోజు దాని పేరు విలాసానికి గుర్తు. కొరియా యుద్ధపు ఎం-51 పార్కా కథా అంతే. 1960ల్లో బ్రిటన్ కుర్రాళ్లు స్కూటర్ల మీద తిరిగేటప్పుడు ఖరీదైన సూటు పాడవకుండా దాన్ని పైన వేసుకున్నారు, అదే ఒక తరం గుర్తు అయిపోయింది.

తడితో కుస్తీ ప్రయోగశాలల్లోకి మారింది. యుద్ధంలో మాంచెస్టర్ పరిశోధకులు పొడవు పింజ పత్తితో వెంటైల్ అనే గుడ్డ నేశారు. తడిస్తే నూలు ఉబ్బి సందులు మూసుకుంటుంది. మంచు సముద్రంలో కూలిన విమాన చోదకుల ప్రాణాలు నిలపడానికి అది పుట్టింది. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్కసారిగా లాగి సాగదీసి, నీటి చుక్క దూరలేని, ఆవిరి మాత్రం పోగలిగే సూక్ష్మ రంధ్రాల పొర చేశాడు. 1976 నుంచి ఆ గోర్-టెక్స్ వానకోట్లలోకి వచ్చింది. ఇలాంటి గుడ్డల్లో వాడిన ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీళ్లలో చెదరకుండా ఉండిపోతాయని తేలడంతో 2025 నుంచి కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు చాలా రకాల దుస్తుల్లో వాటిని నిషేధించాయి. బతికున్న పక్షుల ఈకలు పీకే క్రూరత్వాన్ని ఆపడానికి 2014లో ఒక అంతర్జాతీయ ధ్రువీకరణ ప్రమాణమూ వచ్చింది. కొనేవాళ్లు ఆ గుర్తు ఉందో లేదో చూడటం న్యాయం.

తెలుగు నేలకు ఈ జ్ఞానం కొత్తది కాదు. తెలంగాణ, రాయలసీమ గొల్ల కురుమల గొంగడి దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో, చింతగింజల గంజి పట్టించి నేసిన గుడ్డ. ఒక కొస మడిచి తలమీద ముసుగు వేసుకుంటే వానకు గొడుగు, చలికి కోటు, రాత్రికి పక్క. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా యువకుడు ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం చేరారు. ఫించ్ బృందంలాగే వీళ్లూ ఎక్కింది టిబెట్ వైపు నుంచే. ఇప్పుడు ఆ ఎత్తుకు ఈకల దుస్తులు లేకుండా ఎవరూ వెళ్లరు.

ఏటా వేలమంది తెలుగు పిల్లలు చదువుకు, ఉద్యోగానికి చలి దేశాలకు వెళుతున్నారు. ఇక్కడి కొట్లో నచ్చిన కోటు కొనే ముందు వెళ్లే ఊరి జనవరి నెల ఎలా ఉంటుందో చూసుకోవాలి. మిన్నియాపొలిస్, షికాగోలలో పొడి చలి, కోసే గాలి. అక్కడ గాలి దూరని పై గుడ్డ, హుడ్ ఉన్న పొడవాటి ఈకల కోటు కావాలి. సియాటిల్, లండన్‌లలో సున్నాకు పైనే ఉండే చలి, విడవని తుంపర. అక్కడ నీరు దిగని పల్చని కోటు, లోపల ఉన్ని స్వెట్టరు మేలు, ఈకల కోటు తడిసి ముద్దవుతుంది. ఈకలు పడనివారికి, ఖర్చు భరించలేనివారికి తడిసినా వెచ్చదనం అంతగా తగ్గని పాలియెస్టర్ నింపిన జాకెట్లు ఉన్నాయి. ఏదైనా లోపల ఒక స్వెట్టరు వేసుకునే కొలవాలి, బిగుతైతే లోపలి గాలి అణిగి చలి పెడుతుంది. మెడ, మణికట్టు, జిప్పు దగ్గర సందులున్నాయేమో చూడాలి. వీలైతే చేరిన ఊళ్లోనే, అక్కడ నాలుగు చలికాలాలు గడిపినవారిని అడిగి కొనుక్కోవాలి. రంగు, కాలరు, పేరు ఆ తర్వాత చూసుకోవచ్చు.